ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్‌కు ఏ పవర్ బ్యాంక్ కొనాలి: తిరుపతి, చిత్తూరు అవసరాలను బట్టి ఒక పోలిక

పవర్ బ్యాంక్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి రెండే అంకెలు. ఒకటి ఎంఏహెచ్‌లలో చెప్పే సామర్థ్యం, రెండోది వాట్లలో చెప్పే వేగం. ఈ రెండు అంకెలూ సరిసమానంగా ఉన్న రెండు పవర్ బ్యాంకులను ఒకే ఫోన్‌కు తగిలించి చూస్తే, ఒకటి గంటన్నరలోపే ఫోన్‌ను నింపవచ్చు, మరొకటి రెండున్నర గంటలు తీసుకోవచ్చు. రెండింటిలో దేనిలోనూ లోపం ఉండదు. ఫోన్ ఏ పద్ధతిలో కరెంటు అడుగుతుందో ఆ పద్ధతిలో ఇవ్వడం ఒకదానికి తెలుసు, రెండోదానికి తెలియదు. అందువల్ల ఎంపికను చేతిలో ఉన్న ఫోన్‌తో మొదలుపెట్టాలి, డబ్బా మీది అంకెలతో కాదు. ఆ తరువాత చూడవలసింది, రోజులో మనం ప్లగ్ పాయింట్‌కు వరుసగా ఎన్ని గంటలు దూరంగా ఉంటామన్నది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, దుకాణంలో వరుసగా పేర్చిన డబ్బాల్లో చాలావాటిని చూడకుండానే పక్కన పెట్టేయవచ్చు.

ఫోన్ అడిగే పద్ధతి

ఫాస్ట్ ఛార్జింగ్‌లో నిర్ణయం ఫోన్‌దే. కేబుల్ తగిలించిన మరుక్షణం పవర్ బ్యాంక్ తాను ఎన్ని వోల్టుల వద్ద ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో తెలుపుతుంది, వాటిలో తనకు పనికివచ్చేదాన్ని ఫోన్ ఎంచుకుంటుంది. ఇద్దరికీ తెలిసిన పద్ధతి లేకపోతే వ్యవహారం 5 వోల్టుల మామూలు ఛార్జింగ్‌కు, అంటే సుమారు 10 వాట్లకు, పడిపోతుంది. డబ్బా మీద 45 అని రాసి ఉన్నా, 65 అని రాసి ఉన్నా ఆ సందర్భంలో ప్రయోజనం లేదు.

ఈ పద్ధతుల్లో అందరికీ ఉమ్మడిగా ఉన్నది యూఎస్‌బీ పవర్ డెలివరీ. దీన్నే డబ్బాల మీద పీడీ అని రాస్తారు. దానికి తరువాత చేరిన పీపీఎస్ అనే విభాగంలో వోల్టేజీని 9, 12 వంటి స్థిరమైన మెట్లలో కాక, 20 మిల్లీవోల్టుల చొప్పున ఫోన్ కోరినంత మేరకు సవరించవచ్చు. దానివల్ల ఫోన్ లోపల వోల్టేజీని తగ్గించే పని తేలికవుతుంది, వేడి తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఫోన్ వేడెక్కితే ఛార్జింగ్ వేగాన్ని అదే తగ్గించేసుకుంటుంది.

ఇక ఫోన్ల వారీగా చూద్దాం. శామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లలో 25 వాట్ల వేగం రావాలంటే పీపీఎస్ తప్పనిసరి. పీపీఎస్ లేని పీడీ పవర్ బ్యాంక్ తగిలిస్తే వేగం 15 వాట్ల ప్రాంతానికి దిగుతుంది. దీన్ని కనుక్కోవడం సులభం: తెర మీద ‘సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్’ అని వస్తే పీపీఎస్ పనిచేస్తున్నట్టు, ఉత్త ‘ఫాస్ట్ ఛార్జింగ్’ అని వస్తే లేనట్టు. 45 వాట్లు తీసుకునే గెలాక్సీ మోడళ్లకు పీపీఎస్‌తో పాటు 5 ఆంపియర్ల కేబుల్ కూడా కావాలి.

ఐఫోన్‌కు ఇంత చిక్కు లేదు. ఐఫోన్ 8 మొదలుకొని అన్ని ప్రధాన మోడళ్లూ మామూలు పీడీతోనే వేగంగా ఛార్జ్ అవుతాయి. చాలా మోడళ్లకు 20 వాట్ల పీడీ ఉంటే అరగంటలో సగం బ్యాటరీ నిండుతుందని ఆపిల్ చెబుతుంది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి టైప్-సి సాకెట్ రావడంతో వేరే కేబుల్ మోయవలసిన అవసరమూ పోయింది.

చిక్కంతా వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ, వివో ఫోన్లతోనే. ఈ కంపెనీలు సూపర్‌వూక్, ఫ్లాష్‌ఛార్జ్ వంటి సొంత పద్ధతులను నడుపుతాయి. ఫోన్‌తో వచ్చిన 67 లేదా 80 వాట్ల అడాప్టర్‌తో ముప్పావు గంటలో నిండే ఫోన్, బయట కొన్న పవర్ బ్యాంక్‌తో రెండు గంటలు పట్టవచ్చు. వీటిలో కొన్ని కొత్త మోడళ్లు పీపీఎస్‌ను కూడా అంగీకరిస్తాయి, అప్పుడు 30 వాట్లు, కొన్నిట్లో అంతకు మించి వస్తుంది. చాలా పాత మోడళ్లు, తక్కువ ధర మోడళ్లు మాత్రం 10 నుంచి 18 వాట్ల మధ్యే ఆగిపోతాయి. షావొమి, రెడ్‌మీ, పోకో ఫోన్లు ఈ విషయంలో కొంత ఉదారమైనవి. పూర్తి వేగం రాకపోయినా పీడీతోనో, క్విక్ ఛార్జ్ అనే మరో ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతితోనో పనికివచ్చే వేగం ఇస్తాయి.

కాబట్టి కొనేముందు మన ఫోన్ మోడల్ పేరు రాసి, పక్కన పీడీ, పీపీఎస్ ఉన్నాయో లేవో కంపెనీ వివరాల పేజీలో చూసుకోవాలి. పావుగంట పని. ఈ పావుగంట వెచ్చించకుండా ‘80 వాట్ల ఫోన్‌కు 65 వాట్ల పవర్ బ్యాంక్ సరిపోతుంది కదా’ అనుకొని కొన్నవారే తరువాత దుకాణదారుతో వాదనకు దిగుతుంటారు.

22.5 వాట్లు అనే అంకె కథ

మన దుకాణాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే అంకె 22.5 వాట్లు. సాధారణంగా ఈ అంకె పాత పద్ధతి వెడల్పాటి యూఎస్‌బీ-ఏ రంధ్రానికి సంబంధించినది. 5 వోల్టుల వద్ద 4.5 ఆంపియర్లు, లేదా 10 వోల్టుల వద్ద 2.25 ఆంపియర్లు ఇవ్వగలిగితే 22.5 అవుతుంది. ఇది హువావే సొంత ఛార్జింగ్ పద్ధతి నుంచి వచ్చిన లెక్క. ఇక్కడ ఆ ఫోన్లు వాడేవారు ఎంతమంది? శామ్‌సంగ్ ఫోనో ఐఫోనో ఉన్నవారికి ఆ పవర్ బ్యాంక్‌లోని టైప్-సి రంధ్రం నుంచి వచ్చేది 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు, అంటే 20 వాట్లు. అది చెడ్డ వేగం కాదు, ఐఫోన్‌కు నిజంగా సరిపోతుంది. కానీ 22.5 అనే అంకె 20 కంటే మెరుగన్న భావనతో అదనంగా డబ్బు పెట్టడంలో అర్థం లేదు. పీపీఎస్ లేకపోతే శామ్‌సంగ్‌కు ఆ 20 కూడా రాదు.

దీనికి తోడు మరొక షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండు రంధ్రాల్లో రెండు ఫోన్లు ఒకేసారి పెడితే చాలా పవర్ బ్యాంకులు ఫాస్ట్ ఛార్జింగ్‌ను పూర్తిగా ఆపేసి, 5 వోల్టుల వద్ద మొత్తం 15 వాట్లను రెండు ఫోన్లకూ పంచుతాయి. కుటుంబంతో ప్రయాణించేవారికి ఇది చాలా ముఖ్యమైన విషయం. ‘మొత్తం అవుట్‌పుట్’ అనే వరుసలో ఏముందో చూసుకోవాలి. రెండు ఫోన్లకూ వేగం కావాలనుకుంటే ఒక్కొక్క రంధ్రానికి విడిగా, కలిపి ఎంత అని వివరంగా రాసిన మోడల్‌నే తీసుకోవాలి. ఆ వివరం రాయని మోడల్‌లో అది లేదనే అనుకోవడం మంచిది.

10,000 ఎంఏహెచ్‌లో మన చేతికి వచ్చేదెంత

డబ్బా మీది ఎంఏహెచ్ లోపలి సెల్లుల లెక్క. ఆ సెల్లులు సుమారు 3.7 వోల్టుల వద్ద పనిచేస్తాయి, ఫోన్‌కు వెళ్లేది 5 లేదా 9 వోల్టులు. వోల్టేజీ పెంచేటప్పుడు ఎంఏహెచ్ తగ్గుతుంది, కొంత శక్తి వేడిగా పోతుంది. అందువల్ల సరైన కొలత, మొత్తం ఎంత శక్తి నిల్వ ఉందో చెప్పే వాట్-అవర్. 10,000 ఎంఏహెచ్‌ను 3.7తో హెచ్చిస్తే 37 వాట్-అవర్లు, 20,000 అయితే 74. ఈ రోజుల్లో సాధారణమైన 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది 19 వాట్-అవర్ల పైచిలుకు. పవర్ బ్యాంక్‌లోనూ ఫోన్‌లోనూ జరిగే నష్టాలు తీసేస్తే, 10,000 సామర్థ్యంతో ఆ ఫోన్ దాదాపు ఒకటిన్నర సార్లు, 20,000తో మూడు సార్లకు కాస్త అటూఇటూ నిండుతుంది. రెండుసార్లు, నాలుగుసార్లు అనే ప్రకటనలు నష్టాలను వదిలేసిన భాగాహారం మాత్రమే. నమ్మకమైన కంపెనీలు ‘రేటెడ్ కెపాసిటీ’ అని విడిగా ముద్రిస్తాయి. 10,000 దానికి అది 5 వోల్టుల వద్ద 5,500 నుంచి 6,500 మధ్య ఉండడం సహజం, అది మోసం కాదు.

మోసాన్ని పట్టుకోవడానికి తూకం మంచి పరీక్ష. లిథియం సెల్లులు కిలోకు సుమారు 250 వాట్-అవర్లకు మించి దాచుకోవడం అరుదు. ఆ లెక్కన 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో సెల్లులే 300 గ్రాముల దాకా ఉంటాయి, పైతొడుగు, సర్క్యూట్ కలిస్తే 350 నుంచి 450 గ్రాములు తూగుతుంది. చేతిలోకి తీసుకుంటే 200 గ్రాములే ఉన్న 20,000ను, జేబులో ఇమిడే 50,000ను యాత్రికుల రద్దీ ఉన్న వీధుల్లో ఎవరైనా సగం ధరకు ఇస్తానంటే, నవ్వి ముందుకు నడవవచ్చు.

అయిదు రకాలు, వాటి మంచీ చెడూ

మార్కెట్లో ఉన్న వందల మోడళ్లను అయిదు రకాలుగా విడదీయవచ్చు. పట్టికలోని అంకెలు 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను దృష్టిలో పెట్టుకొని వేసిన సుమారు లెక్కలు.

| రకం | బరువు | ఫోన్ ఎన్నిసార్లు నిండుతుంది | తాను నిండడానికి పట్టే సమయం | ఏ ఫోన్లకు |
|---|---|---|---|---|
| 5,000 ఎంఏహెచ్, అయస్కాంతంతో అతుక్కునే వైర్‌లెస్ | 120 నుంచి 150 గ్రాములు | సగం కంటే కొంచెం ఎక్కువ | రెండు గంటల లోపు లేదా కాస్త పైన | మాగ్‌సేఫ్, క్యూఐ2 (అయస్కాంతంతో అతికే వైర్‌లెస్ ఛార్జింగ్ పద్ధతులు) ఉన్న ఫోన్లు |
| 10,000 ఎంఏహెచ్, 20 లేదా 22.5 వాట్లు | 200 నుంచి 230 గ్రాములు | దాదాపు ఒకటిన్నర | మూడు గంటల పైన | ఐఫోన్, షావొమి, పీడీ ఉన్న ఇతర ఫోన్లు |
| 10,000 ఎంఏహెచ్, పీపీఎస్‌తో 30 నుంచి 45 వాట్లు | 200 నుంచి 250 గ్రాములు | దాదాపు ఒకటిన్నర | రెండు గంటల ప్రాంతం | శామ్‌సంగ్, పీపీఎస్ ఉన్న కొత్త ఫోన్లు |
| 20,000 ఎంఏహెచ్, 20 నుంచి 33 వాట్లు | 350 నుంచి 450 గ్రాములు | దాదాపు మూడు | 18 వాట్ల ఇన్‌పుట్ అయితే అయిదారు గంటలు | కుటుంబం, రెండు మూడు ఫోన్లు |
| 20,000 నుంచి 27,000 ఎంఏహెచ్, 65 వాట్లు ఆపైన | 450 గ్రాములు ఆపైన | మూడు నుంచి నాలుగు | రెండు మూడు గంటలు, పెద్ద అడాప్టర్ ఉంటే | టైప్-సి ల్యాప్‌టాప్ ఉన్నవారు |

అయస్కాంతంతో ఫోన్ వీపుకు అతుక్కునే చిన్న రకం చూడముచ్చటగా ఉంటుంది, కేబుల్ గొడవ ఉండదు. కానీ వైర్‌లెస్ పద్ధతిలో శక్తి ఎక్కువగా వేడి రూపంలో పోతుంది, ఆ వేడి నేరుగా ఫోన్ వీపుకే తగులుతుంది. క్యూఐ2 ప్రమాణంలో 15 వాట్లు రావాలి కాని, ఎండలో నిలబడి వాడితే ఫోన్ వేగం తగ్గించుకోవడం ఖాయం. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవారికి, సాయంత్రానికి కొంచెం ఊపిరి కావాలనుకునేవారికి ఇది చాలు. వేసవిలో చిత్తూరు రోడ్ల మీద తిరిగేవారికి నేను దీన్ని సిఫారసు చేయను.

10,000 ఎంఏహెచ్, 20 వాట్ల రకం ధరలో అన్నిటికంటే చవక, ప్రముఖ కంపెనీలవి కూడా వెయ్యి రూపాయల చుట్టుపక్కల మొదలవుతాయి. ఐఫోన్ వాడేవారు ఇంతకంటే పైకి వెళ్లడానికి బలమైన కారణం కనబడదు. 2025లో వచ్చిన ఐఫోన్ 17 శ్రేణి 40 వాట్ల దాకా తీసుకోగలదు కనుక ఆ ఫోన్ ఉన్నవారు మాత్రం పై రకాన్ని పరిశీలించవచ్చు.

మూడో రకం, అంటే పీపీఎస్ ఉన్న 10,000, నా దృష్టిలో ఎక్కువమందికి సరైనది. ధర కొన్ని వందలు ఎక్కువ, బరువులో తేడా లేదు. దాని అసలు లాభం అవుట్‌పుట్‌లో కంటే ఇన్‌పుట్‌లో ఉంది. 30 వాట్లు లోపలికి తీసుకోగల పవర్ బ్యాంక్ రెండు గంటల ప్రాంతంలో నిండుతుంది. పొద్దున లేచాక పెట్టినా, ఇంట్లోంచి బయలుదేరేలోపు పనికివచ్చేంత ఛార్జ్ ఎక్కి ఉంటుంది. ఇన్‌పుట్ 10 వాట్లే ఉన్న రకాన్ని రాత్రి పెట్టడం మరిచిపోతే ఆ రోజంతా దాన్ని ఉత్త బరువుగా మోయాలి. కొనేవారు అవుట్‌పుట్ వాట్లు చూస్తారు, ఇన్‌పుట్ వాట్లు చూసేవారు తక్కువ. పాత, చవక మోడళ్లలో కంపెనీలు డబ్బు మిగుల్చుకునే చోటు కూడా అదే.

నాలుగో రకం మీద మనవారికి మక్కువ ఎక్కువ. ‘ఉంటే ఉండనీ, 20,000 అయితే నిశ్చింత’ అన్న మాట తరచుగా వింటుంటాం. నిజానికి అర కిలో దగ్గరగా తూగే వస్తువు మొదటి వారం సంచిలో ఉంటుంది, తరువాత బీరువాలో ఉంటుంది. రోజూ సాయంత్రం ఇంటికి చేరేవారు దాని మూడు ఛార్జీలలో రెండింటిని ఎప్పుడూ వాడరు. రెండు రోజులు సాకెట్ దొరకదన్న పరిస్థితి తరచుగా ఉన్నవారికీ, ముగ్గురు నలుగురి కుటుంబానికి ఒకే పవర్ బ్యాంక్ చాలాలనుకునేవారికీ మాత్రమే ఇది న్యాయమైన ఎంపిక. అప్పుడైనా ఇన్‌పుట్ 30 వాట్లకు తగ్గకుండా చూసుకోవాలి.

65 వాట్ల ఆపైన రకం ఫోన్ కోసం కాదు, ల్యాప్‌టాప్ కోసం. ఫోన్ తన గరిష్ఠ వేగాన్ని బ్యాటరీ బాగా ఖాళీగా ఉన్నప్పుడే తీసుకుంటుంది, సగం దాటాక తగ్గిస్తుంది, 80 శాతం తరువాత ఏ ఛార్జర్ అయినా నెమ్మదే. ఒక్క ఫోన్‌కు 100 వాట్ల పవర్ బ్యాంక్ కొనడం వృథా ఖర్చు. ల్యాప్‌టాప్ టైప్-సి ద్వారా ఛార్జ్ అవుతుందో లేదో చూసుకున్న తరువాతే దీని సంగతి ఆలోచించాలి.

ఇవిగాక వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వంటి కంపెనీల ఫోన్లకు సొంత పద్ధతిని పాటించే పవర్ బ్యాంకులు అప్పుడప్పుడు వస్తాయి. మోడల్ సరిగ్గా కుదిరితే వేగం బాగుంటుంది. అయితే ఫోన్ మార్చిన రోజున ఆ ప్రత్యేకత పోతుంది. ఫోన్ రెండేళ్లకు మార్చే అలవాటున్నవారు ఉమ్మడి పద్ధతి అయిన పీపీఎస్‌కే ఓటు వేయడం మేలు.

ఎవరికి ఏది

కొండకు నడిచి వెళ్లేవారి అవసరం ముందు చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో అనవసరంగా పెద్దవి కొనేవారు వీరే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. ప్రతి వంద గ్రాములూ మోకాళ్లకు తెలుస్తుంది. పైగా దర్శనం క్యూలోకి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు అనుమతించరు, ముందే కౌంటర్‌లో అప్పగించాలి. అంటే కంపార్ట్‌మెంట్లలో గడిపే గంటలన్నీ ఫోన్ స్విచాఫ్‌లోనే ఉంటుంది, బ్యాటరీ తరగదు. పవర్ బ్యాంక్ అవసరం నిజంగా పడేది బస్సో రైలో దిగినప్పటి నుంచి క్యూలో చేరేదాకా, తిరిగి ఫోన్ చేతికి వచ్చాక తప్పిపోయిన బంధువులను వెతుక్కునేటప్పుడు. ఈ మాత్రానికి మనిషికొక 10,000 కాదు, ఇద్దరికి ఒకటి చాలు. అప్పగించే ముందు ఫోన్‌ను స్విచాఫ్ చేయాలి, పవర్ బ్యాంక్‌కు తగిలించి ఉంచి సంచిలో పెట్టి ఇవ్వకూడదు. మూసిన సంచిలో వేడి చేరుతుంది.

ఘాట్ రోడ్డు మీద టాక్సీ నడిపేవారికి కారులోనే 12 వోల్టుల సాకెట్ ఉంటుంది. మంచి పీడీ కార్ ఛార్జర్ వారికి పవర్ బ్యాంక్ కంటే ఉపయోగం, ఖర్చు కూడా తక్కువ. ద్విచక్ర వాహనంపై భోజనం, సరుకులు చేరవేసే కుర్రవాళ్ల సంగతి వేరు. రోజంతా మ్యాప్ తెరిచి ఉంటుంది, తెర వెలుగు పూర్తిగా ఉంటుంది, ఎండ సరేసరి. వీరికి వేగం కంటే చల్లగా ఉండడం ముఖ్యం. 10,000 ఎంఏహెచ్, పీపీఎస్ ఉన్న రకాన్ని తీసుకొని, ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడు ఛార్జింగ్ పెట్టుకుంటే బ్యాటరీ ఆయువు నిలుస్తుంది. హ్యాండిల్ మీద ఎండలో ఉన్న ఫోన్‌కు బండి నడుపుతూ ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే ఫోన్ వేడెక్కి వేగం ఎలాగూ తగ్గిపోతుంది.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట్ల హాస్టల్ విద్యార్థులకు గదిలో సాకెట్ ఉంటుంది, తరగతికి వెళ్లే ఆరేడు గంటలకే అవసరం. వారు రెండో రకంతో సరిపెట్టుకొని మిగిలిన డబ్బును మంచి కేబుల్ మీద పెట్టవచ్చు. ఏర్పేడు వద్ద ఐఐటీలో చదువుతూ టైప్-సి ల్యాప్‌టాప్ మోసేవారికి 65 వాట్ల రకం ఆలోచించదగ్గది.

చిత్తూరు జిల్లాలో మామిడి కోతల కాలంలో, తోతాపురి కాయను ట్రాక్టర్‌కెత్తి గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడే రైతుకు ఎప్పుడు ఇల్లు చేరతానన్నది తెలియదు. రాత్రి అక్కడే గడిచే అవకాశం ఉంటుంది, ధర తెలుసుకోవడానికి, ఇంటికి కబురు చెప్పడానికి ఫోనే ఆధారం. అలాంటివారికి 20,000 న్యాయం. వారిలో చాలామంది చేతిలో ఉండేది తక్కువ ధర ఫోన్ కనుక 20 వాట్ల అవుట్‌పుట్ చాలు, పీపీఎస్ కోసం అదనంగా పెట్టనవసరం లేదు. డబ్బును సామర్థ్యం మీద పెట్టాలి. టార్చి లైటు ఉన్న మోడల్ దొరికితే మంచిదే, దాని కోసం వెతకనక్కరలేదు.

తిరుపతి నుంచి చెన్నైకి బస్సులో మూడు నాలుగు గంటలు, బెంగళూరుకు అయిదారు గంటలు. ఈ ప్రయాణాలకు 10,000 చాలు. హైదరాబాదుకు రాత్రి రైలు ఎక్కేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా బోగీల్లో మొబైల్ ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు నిలిపివేసే పద్ధతి రైల్వేలో ఉంది. బోగీలో సాకెట్ ఉంటుందనే ధీమాతో ఖాళీ ఫోన్‌తో ఎక్కితే పొద్దున స్టేషన్‌లో దిగాక క్యాబ్ పిలవడానికి కూడా ఫోన్ ఉండదు.

రేణిగుంట నుంచి విమానం ఎక్కేవారికి నిబంధన స్పష్టం. పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 మధ్య అయితే విమానయాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించితే లేదు. 27,000 ఎంఏహెచ్ అంటే 99.9 వాట్-అవర్లు, అందుకే పెద్ద పవర్ బ్యాంకులు చాలావరకు ఆ అంకె దగ్గర ఆగుతాయి. 2025లో విమానాల్లో ప్రమాదాల తరువాత వాడకం మీద కూడా ఆంక్షలు వచ్చాయి. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి 100 వాట్-అవర్ల లోపు పవర్ బ్యాంక్‌ను ఒకటే తీసుకెళ్లనిస్తుంది, విమానంలో వాడనివ్వదు. చైనా దేశీయ విమానాల్లో 2025 జూన్ 28 నుంచి ఆ దేశపు భద్రతా ధ్రువీకరణ అయిన 3సీ గుర్తు లేనివాటిని నిషేధించారు. చెన్నై, బెంగళూరుల మీదుగా గల్ఫ్ వెళ్లేవారు వాట్-అవర్ విలువ పవర్ బ్యాంక్ ఒంటి మీదే ముద్రించి ఉన్న మోడల్‌ను తీసుకోవడం మంచిది. ముద్ర చెరిగిపోయినదాన్ని తనిఖీలో ఆపితే మనం వాదించడానికి ఆధారం ఉండదు.

దుకాణంలో చూడవలసినవి

భారతదేశంలో పవర్ బ్యాంకులకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒంటి మీద ఆ గుర్తు, దాని కింద ‘ఆర్-’తో మొదలయ్యే ఎనిమిది అంకెల సంఖ్య ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఏ తయారీదారు పేరున నమోదైందో కనిపిస్తుంది. డబ్బా మీది కంపెనీకీ, యాప్‌లో కనిపించే తయారీదారుకూ పేరు వేరుగా ఉండవచ్చు, ఒకరు తయారుచేసి మరొకరు అమ్మడం మామూలే. సంఖ్యే దొరకకపోతే మాత్రం కొనవద్దు.

పేరున్న కంపెనీ అన్నంత మాత్రాన అంతా క్షేమమని కూడా అనుకోరాదు. 2025 జూన్‌లో ఆంకర్ సంస్థ అమెరికాలో ఒకే 10,000 ఎంఏహెచ్ మోడల్‌కు చెందిన పది లక్షలకు పైగా పవర్ బ్యాంకులను మంటల ప్రమాదం దృష్ట్యా వెనక్కు పిలిపించింది. అలా ప్రకటన వచ్చినప్పుడు మనది ఆ జాబితాలో ఉందో లేదో తేల్చుకోవడానికి మోడల్ నంబరు, బిల్లు దాచుకోవాలి. బిల్లు ఇవ్వని చోట కొంటే ఈ అవకాశం పోతుంది, వారంటీ కూడా పోతుంది.

కేబుల్ విషయంలో పొదుపు తగదు. మామూలు టైప్-సి కేబుల్ 3 ఆంపియర్ల దాకానే మోస్తుంది, 60 వాట్లు దాని హద్దు. 5 ఆంపియర్లు కావాలంటే లోపల గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ ఉండాలి. పీడీ ఛార్జింగ్ రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తోనే వస్తుంది, టైప్-సి సాకెట్ లేని పాత ఐఫోన్లకైతే ఒకవైపు టైప్-సి, మరోవైపు ఆపిల్ లైట్నింగ్ పిన్ ఉన్న కేబుల్ కావాలి. ఒకవైపు పాత యూఎస్‌బీ-ఏ పిన్ ఉన్న కేబుల్‌తో పరీక్షించి ‘వేగం రావడం లేదు’ అని తిరిగి ఇచ్చేవారిని చూస్తుంటాం. వీలైతే దుకాణంలోనే మన ఫోన్ బ్యాటరీ 50 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు తగిలించి తెర మీద వచ్చే మాట చదవాలి. 90 శాతం దగ్గర పరీక్షిస్తే ఏ పవర్ బ్యాంక్ అయినా మందకొడిగానే కనిపిస్తుంది.

చెవిలో పెట్టుకునే బడ్స్, స్మార్ట్ వాచీ వంటివి చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి. అవి నిండిపోయాయనుకొని కొన్ని పవర్ బ్యాంకులు మధ్యలోనే ఆగిపోతాయి. బటన్‌ను రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు పద్ధతికి మారే మోడళ్లు ఉన్నాయి, ఆ సౌకర్యం కావలసినవారు అడిగి తీసుకోవాలి.

కొన్న తరువాత

లిథియం బ్యాటరీకి మన ఎండ పెద్ద శత్రువు. నిలిపి ఉంచిన కారు డాష్‌బోర్డు మీద, స్కూటర్ సీటు కింది డబ్బాలో మధ్యాహ్నం వేడి 45 డిగ్రీలను సులభంగా దాటిపోతుంది. ఛార్జింగ్‌కు సాధారణంగా అనుమతించే గరిష్ఠ ఉష్ణోగ్రత కూడా అదే. అలా వేడెక్కిన పవర్ బ్యాంక్‌ను ఇంటికి రాగానే ఛార్జింగ్ పెట్టక, కాసేపు నీడలో చల్లారనివ్వాలి. రాత్రి పడుకునేటప్పుడు దిండు కిందనో పరుపు మీదనో పెట్టి ఛార్జ్ చేయకూడదు. నెలల తరబడి వాడకుండా ఉంచేటట్టయితే సగం ఛార్జ్‌తో ఉంచి, మూడు నాలుగు నెలలకొకసారి చూసుకోవాలి.

పైతొడుగు ఉబ్బినా, అతుకు విడిపోయినా, తియ్యని రసాయన వాసన వచ్చినా దాని వాడకం అక్కడితో ముగిసినట్టే. నొక్కి సరిచేయడం, చిల్లు పెట్టి చూడడం ప్రమాదం. దాన్ని మునిసిపాలిటీ చెత్త బండిలో వేస్తే లారీలో నలిగి మంట పుట్టవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది. కంపెనీ సర్వీసు కేంద్రంలోనో, ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రంలోనో ఇవ్వాలి. అంతవరకు ఇంట్లో ఉంచవలసి వస్తే, బట్టలకు, కాగితాలకు దూరంగా ఇసుక పోసిన లోహపు డబ్బాలో, ఎండ తగలని చోట ఉంచాలి.